మెట్ల దగ్గర కాపలా

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో నిద్ర బాతుల చేతిలో ఉండేది. వింటే నవ్వొస్తుంది. మొదట్లో నాకూ వచ్చింది.

బాతులంటే కూరకి కోసే చిన్నవి కావు. తెల్లగా, మెడ పొడుగ్గా, మనిషి కనబడితే తల నేలకి వంచి బుసకొడుతూ మీదికొచ్చే రకం. మావైపు సీమబాతులంటారు. ఊటగెడ్డ చెరువు పక్కన మేడ కట్టుకున్న పెద్దమనిషి ఎవరో కాపలాకని ఒక జంటను తెచ్చాడట. మేడ అమ్ముకుని పోతూ వాటిని చెరువుకి వదిలేశాడు. అవి పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని పెట్టాయి. మేం కంచరపాలెం నుంచి ఆ గట్టు మీద అద్దెకి దిగేసరికి చెరువంతా వాటి రాజ్యమే. పొద్దున నడకకి వచ్చినవాళ్ల పంచెలు పట్టుకు లాగేవి. నడకదారి నిండా పచ్చటి రెట్ట. పిల్లలు ఉయ్యాల దాకా వెళ్లాలంటే తల్లి చేతిలో కర్ర ఉండాలి.

మా ఆయన నవీద్ ఆ చెరువు పార్కు బాగుచేసే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. పని దగ్గరే ఉండాలని ఇల్లు మార్చాం. ఇంట్లో మేమిద్దరం, మా మామగారు పీర్ మహమ్మద్. ఆయన్ని నేను అబ్బాజాన్ అంటాను. జీవితమంతా పాత ఊళ్లో కూర్చుని లారీలకీ లాంచీలకీ టార్పాలిన్లు కుట్టిన మనిషి. చేతిలో సూది అలాగే ఉంది, తలలోదే జారిపోయింది. మా ఇంట్లో ఉర్దూ, తెలుగూ కలిసే నడుస్తాయి గానీ, పోర్టు గుర్తొస్తే మాత్రం ఆయన నోట అచ్చమైన జట్టీ తెలుగే.

రాత్రిళ్లు అబ్బాజాన్ పడుకోరు. గోడలు తడుముకుంటూ తిరుగుతారు. దారం ఏదీ, మైనం ఏదీ అని అడుగుతారు. ఆయనకి తోడుగా నేనూ మేలుకుని కాలనీ వాళ్ల జాకెట్లు కుట్టుకుంటాను. కాబట్టి మధ్యాహ్నం అన్నాలయ్యాక గుమ్మానికడ్డంగా చాప వేసుకుని పడుకునే ఆ కాసేపు నాకు నిద్ర కాదు, ప్రాణం. అప్పుడు నా మీంచి లారీ వెళ్లినా తెలియదు. రంజాన్ వెళ్లిన వారంలో ఒక మధ్యాహ్నం అబ్బాజాన్ నన్ను దాటుకుని వెళ్లిపోయారు.

నన్ను లేపింది బాతులు. గట్టు మీద ఉన్నవన్నీ ఒక్కసారి గొంతెత్తాయి. లేచి చూస్తే మంచం ఖాళీ. చెప్పులు లేకుండా పరిగెత్తాను. తారురోడ్డు పెనంలా ఉంది, మనిషన్నవాడు కనబడలేదు.

చెరువుకి మావైపు పాత మెట్లున్నాయి. పూడిక తీసినప్పుడు మిషను పెట్టి వాటి కింద లోతుగా తవ్వేశారు. మూడు మెట్లు నీళ్లలో కనబడతాయి, నాలుగోది లేదు. అక్కడ రెయిలింగ్ వేస్తామని పేపరు మీద ఉంది. ఆ మెట్ల పైన అబ్బాజాన్ నిలబడి ఉన్నారు, భుజం మీద మా దుప్పటి మడత. ఆయనకెదురుగా పెద్ద మగబాతు రెక్కలు చాపి, మెడ పాములా ముందుకి పెట్టి నిలబడింది. వెనక కాగితంపూల పొదలో ఆడబాతు గూట్లో కూర్చుని ఉంది. ఆయన ఒక అడుగు వేస్తే అదొక అడుగు వేస్తోంది.

"ఇక్కడేటి అబ్బాజాన్, ఈ ఎండలో?" అన్నాను ఊపిరందక.

"లాంచీ ఎల్లిపోతాదమ్మా. టార్పాలిన్ ఇచ్చెయ్యాల. ఈ గేటుకాడి సెక్యూరిటీవోడు నోపలికి ఎల్లనివ్వట్లేదు. పాస్ సూపించమంటన్నాడు."

"పాస్ ఇంట్లో ఉండిపోనాది. తెచ్చుకుందాం పదండి."

"నానే మర్సిపోయాను," అని ఆయన నవ్వి, మగబాతుకి సలాం పెట్టి నా వెంట వచ్చేశారు.

ఇంటికొచ్చాక ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. మర్నాడు తలుపుకి తాళం వేశాం. అరగంటలో అబ్బాజాన్ తలుపుకేసి నుదురు బాదుకుని రక్తం తెచ్చుకున్నారు. "సరుకు తడిసిపోతాది, సరుకు తడిసిపోతాది" అంటూ చిన్నపిల్లాడిలా వెక్కారు. నవీద్ తండ్రి నుదుటికి పసుపు అద్దుతూ, మళ్లీ తాళం అన్న మాట ఎత్తొద్దన్నాడు. నేనూ ఎత్తలేదు.

ఇక మిగిలింది బాతులే. అవి అరిస్తే లేచి పరిగెత్తడం, అరవకపోతే నిశ్చింతగా పడుకోవడం. కొద్దిరోజుల్లో నా ఒంటికే ఆ లెక్క అలవాటైపోయింది. లారీ హారన్‌కి లేవను, కుక్కర్ విజిల్‌కి లేవను, బాతు గొంతుకి మాత్రం కళ్లు తెరవకముందే కాళ్లు నేల మీద ఉంటాయి.

ఇంతలో శ్రీరామ్మూర్తిగారు జారిపడ్డారు.

ఆయన మా కాలనీ సంఘం ప్రెసిడెంటు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, మాట మర్యాదగానే ఉంటుంది. బాతు రెట్ట మీద కాలేసి జారితే నడుం పట్టేసింది. కర్ర పట్టుకుని మా ఇంటికే వచ్చి కుర్చీలో అతిజాగ్రత్తగా కూర్చున్నారు.

"చూడు నవీదూ, ఇంత డబ్బు పోసి పార్కు చేస్తన్నారు. బెంచీలేశారు, లైట్లేశారు. కూర్చుందామంటే ప్రతి బెంచీ మీదా రెట్ట. మొన్న నా మనవరాలి చెయ్యి కరిచింది. ఆ అమ్మాయి ఇప్పుడు కోడిని చూసినా ఏడుస్తంది. నానేం చంపమనట్లేదు. తీసుకెళ్లి ఎక్కడో వదిలెయ్యండి."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే నా బాధ. తప్పుంటే పోట్లాడేదాన్ని.

ఆయన వెళ్లగానే నవీద్ మీద పడ్డాను. "బాతుల్ని పంపేస్తే అబ్బాజాన్ని ఎవలు ఆపుతారు? పార్కులో మీరు కడతన్న ఆ సెల్ఫీ పాయింటా?"

"నన్నేటి సెయ్యమంటావ్ ఫర్హా? నాను సూపర్‌వైజర్ని, కమిషనర్ని కాదు. పార్కు టైముకి తెరిస్తే బీచి రోడ్డు పని కూడా నాకే ఇత్తానన్నాడు కాంట్రాక్టరు. తెరవకపోతే ఇంటికెల్లమంటాడు."

"ముందు మెట్లకి రెయిలింగ్ ఎయ్యండి. తర్వాత బాతుల్ని ఏ దేశం పంపుకుంటారో పంపుకోండి."

నవీద్ కిటికీలోంచి చెరువు వైపు చూశాడు. చివరికి, "మెట్లకాడ గూట్లో ఉన్న జంటని ఉంచుతాను. రెయిలింగ్ వచ్చేదాకా అయ్యి కదలవు. సాలా?" అన్నాడు. అబ్బాజాన్ నడికట్టు మీద చెయ్యేసి ఒట్టు కూడా పెట్టాడు. ఆ నడికట్టు టార్పాలిన్ గుడ్డతో ఆయన కుట్టుకున్నదే. నేను నమ్మాను.

బాతుల్ని పట్టడానికి వల వాళ్లొచ్చారు. పట్టిన ప్రతిదాన్నీ గోనెసంచీలోకి దించి తల మాత్రం బయటికి ఉంచి వ్యాన్లో పేర్చారు. ఎలమంచిలి దగ్గర ఎవరిదో కొబ్బరితోట, అక్కడ కాపలాకి ఉంటాయన్నారు. వ్యాను కదులుతుంటే సంచుల్లోంచి తలలన్నీ చెరువు వైపే తిరిగి ఉన్నాయి.

మెట్ల దగ్గర జంట మిగిలింది. కానీ గుడ్లు పొదిగితే మళ్లీ మంద అవుతుంది కదా. దానికీ ఒక ఉపాయం కనిపెట్టాడు ఇంజినీరు, ఫోనులో చూసి. గుడ్లు తీసేస్తే బాతు ఊరుకోదట, మళ్లీ పెడుతుంది. అందుకని వాటికి నూనె పూసి మళ్లీ గూట్లోనే పెట్టాలి. గుడ్డుకి గాలాడదు. పైకి గుడ్డు గుడ్డులాగే ఉంటుంది, లోపల పిల్ల ఆగిపోతుంది. తల్లికి తెలియదు కాబట్టి కూర్చునే ఉంటుంది.

నా వంటింట్లో పామాయిల్ ప్యాకెట్ పట్టుకెళ్లి నవీదే ఆ పని చేశాడు. పార్కు ఊడ్చే కాశమ్మ తట్ట అడ్డం పెట్టి మగబాతుని ఆపింది, నేను ఆడబాతుని చీపురుతో పక్కకి తోశాను. నవీద్ ఒక్కో గుడ్డూ గిన్నెలో ముంచి, గుడ్డతో అద్ది, తీసినచోటే పెట్టాడు. మేం పక్కకి జరగ్గానే ఆడబాతు వచ్చి గుడ్లని ముక్కుతో సర్దుకుని, రెక్కలు దించి కూర్చుంది. వాటికి ఇంకా వెచ్చగా ఉండాలని కాబోలు, రొమ్ము ఈకలు పీకి చుట్టూ దోపుకుంది. నవీద్ చేతులు కడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే నేను తవుడు ముద్ద, చెంబుతో నీళ్లు పట్టుకెళ్లేదాన్ని. కాశమ్మ చీపురు ఆపి చూసేది.

"పురిటాలికి సేసినట్టు సేత్తన్నావేటమ్మా దానికి," అని నవ్వేది మొదట్లో.

తర్వాత నవ్వడం మానేసింది. ఒకరోజు గూటి దగ్గర ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "పొదిగే టైము ఎప్పుడో దాటిపోనాది. గుడ్లు కంపు కొడతన్నాయి. ఎన్నాళ్లు కూకుంటాదమ్మా అది?" అంది.

"కూకున్నన్నాళ్లు కూకోనీ," అన్నాను.

"దానికి తెలిసిన రోజున లేసి ఎల్లిపోద్ది. మరింక ఎనక్కి తిరిగి సూడదు."

నాకు సిగ్గేసింది. ఆ మాటకి కాదు, నా చేతిలో ఉన్న తవుడు ముద్దకి. అది లేవకూడదని మేపుతున్నాను. చచ్చిన గుడ్ల మీద కూర్చున్న ఆ పిచ్చిదాని మీద మా మామగారి ప్రాణం పెట్టాను. ఇంటికి వచ్చేదారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి, ఇంకా కూర్చునే ఉందా అని చూసుకున్నాను.

ఉంది. ఆ రోజుల్లో మగబాతు నాలుగైదుసార్లు అరిచింది. అరిచిన ప్రతిసారీ నేను వెళ్లేసరికి అబ్బాజాన్ పై మెట్టు దగ్గరే ఉన్నారు, దుప్పటితో. "ఈడు మహా గట్టోడమ్మా, రూపాయి తీసుకోడు, నోపలికి వదలడు" అని మెచ్చుకునేవారు దాన్ని. అటూ ఇటూ నడిచేవాళ్లు చూసి నవ్వుకునేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికి తీసుకొచ్చి కాళ్లు కడిగి మజ్జిగ ఇచ్చేదాన్ని.

రెయిలింగ్ గొట్టాలు వచ్చాయి. మెరిసే స్టీలువి, లారీలోంచి దించుతుంటే కిటికీలోంచి చూసి నేను అల్లా పేరు తలుచుకున్నాను. సాయంత్రం వెళ్లి చూస్తే అవి సెల్ఫీ పాయింటు చుట్టూ బిగించి ఉన్నాయి. రంగురంగుల పెద్ద అక్షరాలు, పూలకుండీలు, వాటికి కంచె.

"అక్షరాలు ఎవలైనా ఎత్తుకుపోతారా?" అని అడిగాను నవీద్‌ని.

"రెండో లోడు వత్తాది. మెట్లకి అదే."

రెండో లోడు కూడా వచ్చింది. దాంతో వేదిక ముందు పెద్దల కుర్చీలకి అడ్డు కట్టారు. ప్రారంభోత్సవం ముందుకి జరిగింది, రిబ్బను కత్తిరించాల్సిన పెద్దాయనెవరో విదేశం వెళ్తున్నారట. నవీద్ ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా ఫోను చెవిలోనే ఉండేది. అన్నం మధ్యలో లేచిపోయేవాడు. అతని కళ్లు గుంటలు పడ్డాయి. నాకు జాలేసేది, కోపమూ వచ్చేది. రెండూ కలిసొస్తే నేను గిన్నెల మీద చూపిస్తాను. ఆ వారం మా గిన్నెలన్నీ సొట్టలు పడ్డాయి.

గుడ్లలో ఒకటి పగిలింది. వాసన శ్రీరామ్మూర్తిగారి బాల్కనీ దాకా వెళ్లింది. ఆయన నవీద్‌కి ఫోను చేస్తే నేనే ఎత్తాను.

"అమ్మా, నీ బాధ నాకు తెలుసు. మా నాన్నకీ ఆఖర్లో ఇలాగే అయింది," అన్నారు ఆయన. "కానీ రేపు అంతమంది వస్తారు, ఈ కంపులో ఎలా కూర్చుంటారు చెప్పు."

"రెయిలింగ్ వేశాక తీసెయ్యండి సార్," అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

మర్నాడు శుక్రవారం, ప్రారంభోత్సవం రోజు. పొద్దున తవుడు పట్టుకెళ్తే పార్కు గేటు మూసి ఉంది. పోలీసులు నిలబడ్డారు, అలంకారాలు అయ్యేదాకా ఎవర్నీ లోపలికి వదలం అన్నారు. కాశమ్మ కనబడుతుందేమోనని చూశాను, కనబడలేదు. వెనక్కి వచ్చేశాను. ఒకరోజు తిండి లేకపోతే లేచిపోదులే అనుకున్నాను.

నవీద్ ఇస్త్రీ చొక్కా వేసుకోవడానికి వచ్చాడు. అబ్బాజాన్ కిటికీ దగ్గర కూర్చుని చెరువు వైపు చూస్తున్నారు. నవీద్ గుండీలు పెట్టుకుంటూ నా వైపు చూడకుండా, "మధ్యాహ్నం కాస్త సూసుకో అబ్బాజాన్ని," అన్నాడు.

"సూడ్డానికి ఆ సెక్యూరిటీవోడు ఉన్నాడు కదా," అన్నాను.

నవీద్ చెయ్యి గుండీ దగ్గర ఆగింది. ఏదో అనబోయాడు. ఫోను మోగింది. "వత్తన్నాను సార్, వత్తన్నాను," అంటూ గుమ్మం దాటిపోయాడు. జేబురుమాలు మర్చిపోయాడు. పిలిచి ఇద్దామని గుమ్మంలోకి వచ్చేసరికి వీధి మలుపు తిరిగిపోయాడు.

అబ్బాజాన్ కిటికీ దగ్గర్నుంచి, "సెక్యూరిటీవోడిని మార్సేసినారమ్మా," అన్నారు సంబరంగా.

"అలాగా అబ్బాజాన్," అన్నాను. ఆయన రోజుకి ఇలాంటివి ఎన్నో అంటారు. ఎన్నింటికని ఊకొట్టను.

జుమ్మా రోజు కదా అని బిర్యానీ చేశాను. అబ్బాజాన్ ఇష్టంగా తిన్నారు. ఎముక చీకి కంచంలో పెట్టి, నా చేతివంట మా అత్తగారి వంటలా ఉందన్నారు. అంతకుముందు ఎప్పుడూ అనలేదు. ఆయన మూతి తుడిచి, మంచం మీద పడుకోబెట్టి, గుమ్మంలో చాప వేసుకున్నాను. పార్కులో మైకు వాళ్లు సరిచూసుకుంటున్నారు. వన్ టూ త్రీ, వన్ టూ త్రీ. కాసేపటికి అదీ ఆగింది. బాతు అరవలేదు. చెవి పెట్టి విన్నాను, అరవలేదు. హాయిగా కళ్లు మూసుకున్నాను.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. అంత మంచి నిద్ర నేను నెలల తరబడి పోలేదు. మెలకువ వచ్చి, ఇల్లంతా ఇంత ప్రశాంతంగా ఉందేమిటా అనుకుంటూ కాసేపు అలాగే పడుకున్నాను కూడా. తర్వాత తల తిప్పి చూస్తే గుమ్మం పక్కన అబ్బాజాన్ చెప్పులు లేవు.

ఇప్పుడు తెరిచి ఉన్న పార్కు గేటు దగ్గర పోలీసు ఏదో అన్నాడు, నేను వినలేదు. అటుపక్క వేదిక చుట్టూ జనం, పూలదండలు, కుర్చీలు మోస్తున్న వాళ్లు. మెట్ల వైపు ఎవరూ లేరు. కాగితంపూల పొద మొదలంటా నరికి, ఆ చోటంతా ముగ్గు చల్లి ఉంది. గూడు లేదు, గుడ్లు లేవు. ఒక తెల్లటి ఈక కూడా వదలకుండా ఊడ్చారు.

పై మెట్టు మీద అబ్బాజాన్ చెప్పులు పక్కపక్కనే, మసీదు బయట విడిచినట్టు ఒద్దికగా విడిచి ఉన్నాయి. మా దుప్పటి నీళ్ల మీద పరుచుకుని, నెమ్మదిగా నాలుగో మెట్టు ఉండాల్సిన చోటు దాటి వెళుతోంది.

నా కేక విని వేదిక దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన నవీద్ ఇస్త్రీ చొక్కాతోనే దూకాడు.

ప్రారంభోత్సవం వాయిదా పడింది. రెయిలింగ్ మాత్రం నాలుగు రోజుల్లో వచ్చింది. అదే మెరిసే స్టీలు, నడుము ఎత్తు, గేటూ దానికో తాళం. శ్రీరామ్మూర్తిగారు మా ఇంటికి వచ్చి కుర్చీ చూపించినా కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, చేతికర్ర రెండు చేతుల్తో పట్టుకుని ఏడ్చారు. కాశమ్మ పది రోజులు మా వీధిలోకి రాలేదు. వచ్చాక చెప్పింది. ఆ తెల్లారగట్ట అరవకుండా ముక్కుకి గుడ్డ చుట్టి మగబాతుని సంచీలో పెట్టించింది నవీదేనని, ఆడబాతు మాత్రం వలకి దొరకకుండా రోడ్డు దాటి రైలు పట్టాల వైపు పోయిందని, గుడ్లు తనే గోతిలో పూడ్చిందని.

"నీకు సెప్పానన్నాడమ్మా. ఫర్హాకి సెప్పేశాను, అది సూసుకుంటాది అన్నాడు," అంది.

నేను నవీద్‌ని అడిగింది ఒక్కసారే. అరవలేదు, గిన్నెలు విసరలేదు.

"ఎందుకు సెప్పలేదు?"

"సాయంత్రం ఫంక్షను అయ్యేదాకానే కదా, తర్వాత రెయిలింగ్ ఏసేద్దాం అనుకున్నాను," అన్నాడు. "సెప్తే నువ్వు ఒప్పుకోవని."

నేను ఒప్పుకునేదాన్ని కాదు. అది నిజమే. ఒప్పుకోకుండా, తిట్టుకుంటూ, ఆ మధ్యాహ్నం మేలుకుని ఉండేదాన్ని.

అబ్బాజాన్ పోయిన నలభయ్యో రోజు ఫాతిహా చదివించిన మర్నాడు నవీద్ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఎలమంచిలి వెళ్లాడు. సాయంత్రానికి గోనెసంచీతో వచ్చాడు. సంచీలోంచి తల బయటికి పెట్టి ఆ మగబాతు నన్ను చూసి బుసకొట్టింది. వందల్లో ఉన్నా దాన్ని నేను గుర్తుపడతాను. పెరట్లో వదిలాం. వచ్చేపోయే ప్రతివాణ్ణీ చూసి అరుస్తుంది. వీధంతా వినబడుతుంది. ఒక్కరు కూడా, శ్రీరామ్మూర్తిగారు కూడా, మాతో ఇంతవరకూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం అది అరిస్తే నవీద్ అన్నం ముందు నుంచి లేస్తాడు. ఎంగిలిచేత్తోనే వీధిలోకి వెళ్లి, చెరువు వైపు చూసి, తిరిగి వచ్చి కంచం ముందు కూర్చుంటాడు.

"ఎవలూ లేరు," అంటాడు.

నేను చారు వడ్డిస్తాను. మేం ఈ ఇల్లు మారలేదు. బీచి రోడ్డు పని వేరేవాళ్లకి వెళ్లిపోయింది. గుమ్మంలో చాప ఇప్పుడూ వేస్తాను. అబ్బాజాన్ లేరు కాబట్టి రాత్రిళ్లు మేలుకోవాల్సిన పని లేదు, మధ్యాహ్నం పడుకోవాల్సిన అవసరమూ లేదు, అయినా వేస్తాను. బాతు అరుస్తున్నంతసేపు ఎలాగో కునుకు పడుతుంది. అది గొంతెత్తని రోజున మాత్రం మా ఇద్దరిలో ఎవరం కళ్లు మూయం.